మా ఇంటిది పిల్లి కాదు

చిన్నపోలయ్య వంతు పోవడానికి కారణం సెల్‌ఫోను. పిల్లులు ఆ తర్వాత వచ్చాయి.

పులికాట్ సరస్సులో రొయ్య బాగా పడే తావులు కొన్నే ఉన్నాయి. వాటిని నడిమికుప్పమనే జాలరి పల్లె వాళ్ళు పాడు అంటారు. మిగతా తెలుగువాళ్ళకి పాడు అంటే చెడిపోవడం, వీళ్ళకి మాత్రం పాడంటే కూడు. ఉగాది నాడు చీట్లు వేసి, ఏ రోజు ఏ ఇంటి వంతో తేలుస్తారు. వంతున్న రోజు ఆ తావులో వల కట్టే హక్కు ఆ ఇంటిదే. తక్కిన వాళ్ళు ఒడ్డున కూర్చుని చూడవచ్చు, కావాలంటే కుళ్ళుకోవచ్చు, వల మాత్రం కట్టకూడదు. తాతలనాటి కట్టుబాటు ఇది. దీన్ని తప్పాలన్న బుద్ధి చాలామందికి పుట్టింది గానీ తప్పినవాడు లేడు.

చిన్నపోలయ్యకు ఆ బుద్ధి కూడా పుట్టలేదు. ఆ వారం అతని వంతు శుక్రవారం. గురువారం చిన్నబాబుది. గురువారం రాత్రి నిద్ర పట్టక ఫోను తీసి చూస్తే అందులో శుక్రవారం అని పడింది. వంతు వచ్చేసింది గదా అని పడవేసుకుని పోయి వల కట్టేశాడు. నడిమికుప్పంలో రోజు మారేది పొద్దు పొడిచాక. ఫోనులో రోజు మారేది అర్ధరాత్రి. ఈ రెంటికీ మధ్య పడ్డ రొయ్యంతా చిన్నబాబుది. అది చిన్నపోలయ్య బుట్టలో ఉంది.

పంచాయితీలో చిన్నపోలయ్య సాక్ష్యంగా ఫోనునే చూపించాడు. తగువులు తీర్చే పెద్దకాపు కామాక్షయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని, జాతకం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏ ఊరి శుక్రవారం రా?" అని అడిగాడు.

ఏడాదిపాటు వంతు లేదని తీర్పు అయింది. అందరూ లేవబోతుంటే పేరమ్మ లేచింది. పేరమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. తను ఎండేసిన నెత్తళ్ళలో సగం పిల్లుల పాలవుతున్నాయనీ, ఈ ఊళ్ళో మనుషులకన్నా పిల్లులు ఎక్కువయ్యాయనీ, అడిగే నాథుడు లేడనీ మొదలుపెట్టింది. పేరమ్మ మొదలుపెడితే ఆపడం కష్టం. పొద్దు నడినెత్తికి వచ్చింది. తగువులు రెండు, కామాక్షయ్యకు ఆకలి ఒక్కటే. అందుకని ఆయన రెండు తగువులకూ కలిపి ఒకే తీర్పు చెప్పేశాడు. ఊళ్ళో పిల్లుల్ని వదిలించే పని చిన్నపోలయ్యది. వచ్చే ఉగాదికి పిల్లి కంటపడకపోతే అతని పేరు చీట్లలో వేస్తారు. కంటపడితే ఇంకో ఏడాది వేయరు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే భార్య గంగాభవాని కూడు పెట్టి, నీళ్ళు పెట్టి, అప్పుడంది.

"పిల్లి మెడలో గంట కట్టేటోడు దొరకలేదని కథ చెప్తారు. మన ఊరికి దొరికినాడు."

వంతు లేనివాడు ఒకళ్ళ పడవలో కూలికి పోవాలి. నిన్నటిదాకా తన తావు పక్కన కూర్చుని కుళ్ళుకున్నవాడి వల లాగి, వాడిచ్చింది పుచ్చుకోవాలి. చిన్నపోలయ్యకు అది బతుకులో పెద్ద సిగ్గు. అతని నాన్న పోతూ పోతూ ఇల్లు ఇవ్వలేదు, పొలం ఇవ్వలేదు, వంతు ఇచ్చాడు. దాన్ని తాను ఫోను చూసి పోగొట్టాడు. అది మళ్ళీ చేతికి రావాలంటే పిల్లులు పోవాలి. అంతకుమించి ఆ ఏడాది అతనికి వేరే ధ్యాస లేదు.

పిల్లులు ఊరికే పుట్టుకురాలేదు. వెనకటికి రొయ్యను తలకాయతోనే అమ్మేవాళ్ళు. తర్వాత ఐసు బండి రావడం మొదలైంది. బండివాడికి తలకాయ వద్దు, ఒళ్ళు కావాలి. ఆడవాళ్ళు ఒడ్డున పాకలో కూర్చుని తలకాయలు తుంచి వెనక్కి విసిరేవాళ్ళు. పాక వెనక తలకాయలు గుట్ట పడ్డాయి. ముందు తలకాయలు వచ్చాయి, వాటి వాసన పట్టుకుని పిల్లులు వచ్చాయి. ఊరు మాత్రం పిల్లుల్నే చూసింది. పిల్లులు ఊరి సంగతి పట్టించుకోలేదు. తిన్నాయి, కన్నాయి, కన్నవాటికి గుట్టను చూపించాయి.

చంపే మాట ఎవరూ ఎత్తలేదు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానం ఇవ్వాలంటారు. నడిమికుప్పంలో బంగారం ఆడవాళ్ళ ముక్కుల మీద తప్ప ఎక్కడా లేదు, ముక్కులన్నీ కరిగించినా పిల్లి తోకకు కూడా చాలదు. కాబట్టి బతికుండగానే దాటించాలి.

ముందు ఎవరి పిల్లి ఏదో తేల్చుకుందామని చిన్నపోలయ్య ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. మాకు పిల్లి లేదు, తిరిగేవన్నీ పక్కింటివే. పక్కింట్లో అడిగితే అవి మళ్ళీ ఈ ఇంటివే అయ్యాయి. అలా అడుగుతూ అడుగుతూ ఊరి చివరికి పోతే, అటుపక్క ఇల్లంటూ లేని రాఘవమ్మ బాగా ఆలోచించి, సరస్సులోంచి వస్తాయేమో అంది.

ఎవరివీ కాని పిల్లుల్ని చిన్నపోలయ్య గోనెసంచిలో పట్టాడు. పట్టడమంటే మాటల్లో చెప్పినంత సులువు కాదు. మొదటి విడత అయ్యేసరికి అతని చేతులు ముళ్ళకంపలో ఈడ్చినట్టు తయారయ్యాయి. సంచి పడవలో వేసుకుని అవతలి గట్టున తూర్పుకుప్పం దగ్గర, తుమ్మ పొదల చాటున మూతి విప్పాడు. పిల్లులు బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, నాలుగువైపులా చూసి, ఆ ఊరి ఐసు పాక ఎటుందో ఎవరూ చెప్పకుండానే అటు నడిచిపోయాయి. తూర్పుకుప్పం గంగాభవాని పుట్టిల్లు. ఈ ముక్క ఆమెకు చెప్పాల్సిన అవసరం లేదని చిన్నపోలయ్య అనుకున్నాడు.

ఇలా నాలుగైదు విడతలు చేశాడు. ఊళ్ళో పిల్లులు పలచబడ్డాయి. పేరమ్మ కూడా ఒకరోజు తిట్టకుండా పలకరించింది. అది చూసి చిన్నపోలయ్యకు ఆశ పుట్టింది.

ఆ ఆశ వానాకాలం దాకా కూడా నిలవలేదు. మిగిలిన పిల్లులకు తలకాయల గుట్ట మొత్తం దక్కింది. ఇదివరకు పోట్లాడుకుని తినేవి ఇప్పుడు తీరుబడిగా కూర్చుని తిన్నాయి. ఇదివరకు కన్నవాటిలో ఒకటో అరో బతికేది. ఇప్పుడు కన్నవన్నీ బతికి, తోకలు నిక్కబెట్టుకుని తల్లుల వెంట వరసగా గుట్ట దగ్గరికి వచ్చాయి. చిన్నపోలయ్య వాటికి సావిడి ఖాళీ చేసి అద్దెకిచ్చినట్టయింది. అదొక ఎత్తు. కొత్త మొహాలు కనిపించడం ఇంకో ఎత్తు. ఊరి పిల్లుల మొహాలు ఈపాటికి అతనికి కంఠతా వచ్చు. ముక్కు మీద మచ్చ ఉన్న నల్లదాన్నీ, ఒంటికన్ను పసుపుదాన్నీ అతను ఎన్నడూ ఎరగడు. అవి కూడా అతన్ని ఎరగనట్టే చూశాయి.

ఒకనాడు సంచి వేసుకుని సరస్సు మధ్యకు వచ్చేసరికి ఎదురుగా ఇంకో పడవ వస్తోంది. అందులో బావమరిది సుబ్బు ఉన్నాడు. గంగాభవానికి తోడబుట్టిన తమ్ముడు. పడవలు రెండూ దగ్గరయ్యాయి.

"యాడికి రా సుబ్బు?" అన్నాడు చిన్నపోలయ్య.

"మీ ఊరికే బావా. అక్కని చూసి చానా దినాలైంది గదా."

"ఆ సంచిలో ఏంది?"

"అక్కకి ఎండుచేపలు. నీ సంచిలో?"

"మీ అమ్మకి ఎండుచేపలు."

ఇంతలో సుబ్బు సంచిలోని ఎండుచేపలు చిన్నపోలయ్య సంచిలోని ఎండుచేపలను చూసి బుస్సుమన్నాయి. ఇవి కూడా ఊరుకోలేదు. బావా బావమరుదులు సంచుల వైపు చూడకుండా కాసేపు గాలి సంగతీ రొయ్య సంగతీ మాట్లాడుకున్నారు. చెరో బీడీ కాల్చారు. తమ ఊళ్ళోనూ ఐసు పాక వెనక ఇదే గోలనీ, తమ పెద్దకాపు ఈ పని తన నెత్తిన పెట్టాడనీ, ఇన్నాళ్ళూ ఎన్ని తోలినా తరగడం లేదేమా అని తల పట్టుకున్నాననీ సుబ్బు చెప్పుకొచ్చాడు. ఎట్లా తరుగుతాయి అని ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

ఎవరి ఊరి పిల్లుల్ని వాళ్ళు అవతలి ఊళ్ళో వదలాలి. అది ఇద్దరికీ తప్పదు. అటు ఎదురుగాలి, ఇటు ఎండ. చివరికి సుబ్బే ఉపాయం చెప్పాడు. ఇద్దరూ అక్కడే సంచులు మార్చుకుని, ఎవరిళ్ళకు వాళ్ళు తిరిగిపోయారు. సగం దూరం కలిసొచ్చింది.

తెడ్డు వేసుకుంటూ వెనక్కి వస్తుంటే చిన్నపోలయ్యకు విషయం తలకెక్కింది. ఊళ్ళోంచి పిల్లుల్ని పంపమని పెద్దకాపు చెబితే, తాను ఊళ్ళోకి పిల్లుల్ని మోసుకొస్తున్నాడు. రేపు సుబ్బు రాకపోయినా అవే పుడతాయి. తల్లులన్నిటినీ తోలేసినా తలకాయల కోసం ఏ దారిన పోయేదో వచ్చి నిలబడుతుంది. గుట్ట ఎంత ఉంటే పిల్లులు అంత. మధ్యలో తాను, తన సంచి, తన గీరిన చేతులు, ఇదంతా ఊరికే.

మర్నాడు పోయి కామాక్షయ్యకు ఇదే చెప్పాడు. తలకాయలు పూడ్చి పెట్టిస్తే పిల్లులు వాటంతట అవే తగ్గుతాయన్నాడు. కామాక్షయ్య మంచం మీద పడుకుని విన్నాడు.

"పూడిస్తే తవ్వేదానికి కుక్కలొస్తాయి. కుక్కల్ని తోలేదానికి ఎవుర్ని పెట్టేది?" అన్నాడు. అటు తిరిగి పడుకుంటూ, "నీకు చెప్పింది పిల్లుల సంగతి పోలయ్యా. తలకాయల సంగతి నేను చెప్పలే" అన్నాడు.

చిన్నపోలయ్య మళ్ళీ సంచి పట్టాడు. వంతు కావాలంటే పట్టక తప్పదు.

శ్రీహరికోట నుంచి రాకెట్టు పోయే రోజున ఎవరూ వేటకు పోరు. అలాంటి ఒక సాయంత్రం చిన్నపోలయ్య ఇంట్లోనే ఉన్నాడు. గంగాభవాని పొయ్యి ముందుంది. ఉరుము వచ్చినట్టు వచ్చి ఇల్లు అదిరింది. అదరడం మామూలే, అందుకు ఎవరూ బయటికి కూడా వెళ్ళరు. ఆ అదురుకు మూలనున్న ఖాళీ బాన మీది చేట కింద పడింది. బానలోంచి బూడిదరంగు పిల్లి ఒకటి ఎగిరి గడప దాటబోయి, వాకిట్లో ఆకాశం ఇంకా మోగుతోందని వెనక్కి వచ్చి గంగాభవాని చీర కుచ్చిళ్ళలో దూరింది. దాని చెవి ఒకటి తెగి ఉంది. పొట్ట నేలను తాకుతోంది.

చిన్నపోలయ్య బానను చూశాడు. బాన లోపల పాత చీర పరిచి ఉంది. పక్కన చిప్పలో రొయ్య తలకాయలున్నాయి. ఒక్కరోజు ఏర్పాటు కాదని చూస్తేనే తెలుస్తోంది.

"ఏందే ఇది?"

"ఏంది?"

"ఈ పిల్లి."

"అది పిల్లి గాదు. మన ఇంటిది."

"మా ఇంటిది అంటే నువ్వు గదా మేయ్."

"నేనూ, అదీ" అంది గంగాభవాని. అని కూర కలిపింది.

చిన్నపోలయ్యకు ఒళ్ళు మండిపోయింది. తాను చేతులు గీరించుకుని ఊరంతా తిరుగుతుంటే ఊరికి విత్తనం తన బానలోనే ఉంది. తాను ఒక విడత తోలితే ఇది ఒక ఈత ఈనుతోంది. నా వంతు పోగొట్టేది నా బానలోనే కూర్చోనుండాది అని అరిచాడు. సంచి కూడా తెచ్చాడు. గంగాభవాని అడ్డం రాలేదు. వంతు పోయినకాడి నుంచి నువ్వు తెల్లారకముందే ఒకళ్ళ పడవెక్కి పోతా ఉండావు, వచ్చినాక కూడా మాట్లాడేది లేదు, ఇంట్లో నా మాట ఇనేదానికి ఉండేది ఇదొకటే, తోలతావో ఉంచుతావో నీ ఇష్టం అంది. ఆమె గొంతులో కోపం లేదు. అదే చిన్నపోలయ్యకు ఎక్కువ తగిలింది. వంతు పోయిందని తాను ఒక్కడే ఏడుస్తున్నాననుకున్నాడు. ఇంట్లో ఇంకో మనిషి ఉందన్న మాట అన్నాళ్ళూ మరిచిపోయాడు. సంచి మడిచి బాన మీద మూతగా పెట్టాడు. గాలాడేటట్టు ఓ పక్కన సందు వదిలాడు.

ఆ ఏడు కార్తీకంలో పడాల్సిన వానలు మొహం చాటేశాయి. పై నుంచి వాగుల నీళ్ళు వచ్చి తోస్తేనే సముద్రానికీ సరస్సుకూ మధ్య ఉన్న మొగ తెరుచుకుని ఉంటుంది. ఆ దారినే రొయ్యపిల్ల సముద్రంలోంచి లోపలికి వస్తుంది. ఈసారి తోసే నీళ్ళు లేవు. ఇసుక మేట వేసుకుంటూ వచ్చి, సంక్రాంతి దాటేసరికి మొగ మూసుకుపోయింది. సరస్సులో ఉన్న రొయ్యను పట్టేశారు. కొత్తది రాలేదు. వలలు ఉత్తవి లేచాయి. రోజూ వచ్చే ఐసు బండి రోజు విడిచి రోజు వచ్చింది, తర్వాత వారానికొకసారి వచ్చింది, తర్వాత డ్రైవరు ఫోను ఎత్తడం మానేశాడు. పాక వెనక గుట్ట ఎండి, తెల్లబడి, గాలికి పోయింది.

అప్పుడు పిల్లులు తగ్గాయి. చిన్నపోలయ్య ఒక్కదాన్నీ పట్టలేదు. ముందు పిల్లపిల్లులు కనబడకుండా పోయాయి. తల్లులు ఈనడం మానాయి. పోట్లాటలు మళ్ళీ మొదలయ్యాయి, గెలిచినదానికి కూడా ఏమీ మిగల్లేదు. బాగా నడవగలిగినవి కొన్ని రోడ్డుపట్టి సూళ్ళూరుపేట వైపు పోయాయి. అక్కడి చేపల అంగళ్ళ దగ్గర చూశామని బస్సెక్కి వచ్చినవాళ్ళు చెప్పారు. ముక్కు మీద మచ్చ ఉన్న నల్లది పేరమ్మ పందిరి కింద ఒకరోజంతా కూర్చుని, పైన ఎండేందుకు ఏమీ లేదని రూఢి చేసుకుని, లేచి వెళ్ళిపోయింది.

మనుషులూ అంతే. ముందు పెళ్ళికాని కుర్రాళ్ళు పోయారు. తర్వాత సంసారాలు పోయాయి. ముత్తుకూరు పక్కన పోర్టు పనులున్నాయి, కరెంటు ఫ్యాక్టరీల్లో బొగ్గు పనులున్నాయి. వాళ్ళనెవరూ సంచిలో వేయలేదు, వ్యాను వస్తే వాళ్ళే ఎక్కారు. ఒక్కో ఇంటికీ తాళం పడింది. తూర్పుకుప్పంలో సుబ్బు కూడా పెళ్ళాం వనజాక్షిని తీసుకుని పోయాడు.

ఒడ్డున ఖాళీగా కూర్చున్నప్పుడు చిన్నపోలయ్యకు తాతల కట్టుబాటు కొత్తగా అర్థమైంది. తాతలు ఎవరినీ ఊళ్ళోంచి తోలలేదు. సరస్సు ఎంత పెడుతుందో చూసి, పెట్టినదాన్ని రోజులుగా కోసి పంచారు. వంతంటే అదే. పిల్లులకు పెద్దకాపు లేడు కాబట్టి చచ్చి సరిచేసుకుంటాయి, మనుషులకు ఉన్నాడు కాబట్టి చీట్లు వేసుకుంటారు. సరస్సే పెట్టనన్న రోజున మాత్రం రెంటికీ తేడా లేదు. ఈ ఆలోచన అతనికి నచ్చింది గానీ చెబుదామంటే ఒడ్డున మనిషి లేడు.

ఉగాది వచ్చింది. పంచాయితీకి వచ్చినవాళ్ళు ఒక్క చాప మీద సరిపోయారు. వెనకటేడు నిలబడ్డానికి చోటు లేదు. కామాక్షయ్య నాలుగువైపులా చూశాడు. ఎక్కడా పిల్లి లేదు. చిన్నపోలయ్యను పిలిచి, ఏడాదిపాటు పడ్డ కష్టానికి ఊరు చల్లబడిందని పొగిడి, భుజాన తువ్వాలు కప్పాడు. పేరమ్మ కూడా మెచ్చుకుంది. ఎండేయడానికి ఆమె దగ్గర నెత్తళ్ళు లేవు గానీ, ఉంటే ఒక్కటి కూడా పోయేది కాదంది.

చిన్నపోలయ్యకు ఆ తువ్వాలు బరువనిపించింది. ఇందులో తన గొప్ప ఏమీ లేదని అతనికి తెలుసు. మామా, అసలు సంగతేందంటే, అని నోరు తెరిచాడు. ఆడవాళ్ళ వైపు నుంచి గంగాభవాని గట్టిగా దగ్గింది. బాన గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు. అతని పేరు చీట్లలో పడింది. ఒక మాట మాత్రం కామాక్షయ్య గట్టిగా చెప్పాడు. మళ్ళీ ఊళ్ళోకి పిల్లి వచ్చిందంటే, తెచ్చినవాడి వంతు రద్దు.

మనుషులు పలచబడ్డారు కాబట్టి వంతు తొందరగానే వచ్చింది. చిన్నపోలయ్య ఈసారి ఫోను ఇంట్లో పెట్టి పోయాడు. తావు దగ్గర పడవ ఆపుకుని, తూర్పున పొద్దు పూర్తిగా పైకి వచ్చి, ఎవరు చూసినా పొద్దే అని ఒప్పుకునేదాకా ఆగి, అప్పుడు వల కట్టాడు. నాన్న కట్టిన చోటు. ఏడాదిగా దీని కోసమే చేతులు గీరించుకున్నాడు. వల లేపితే బుట్ట అడుగు కూడా కప్పని రొయ్య పడింది. దాన్ని చూస్తే అతనికి ఏడుపొచ్చింది. ఏడిచాడు. చుట్టుపక్కల వల కట్టే హక్కు ఎవరికీ లేదు కాబట్టి చూసినవాళ్ళు లేరు.

మర్నాడు పొద్దున సుబ్బు ఫోను చేశాడు. అక్క ఎట్లా ఉందని అడిగాడు. మొగ తెరుచుకుందా అని అడిగాడు. వంతు వచ్చినందుకు సంతోషమన్నాడు. అక్కడ బొగ్గు దుమ్ము, రేకుల గది, తినే కూట్లోనూ నలుపే అని చెప్పాడు. ఫోను పెట్టేయకుండా నసుగుతున్నాడు.

"ఏంది రా?"

"ఏం లేదు బావా. మా ఇంటిది ఒకటే ఆడ ఉండిపోయింది."

చిన్నపోలయ్య లేచి నిలబడ్డాడు. "వనజాక్షిని వదిలేసి పోయినావా?"

"వనజాక్షి ఈడనే ఉండాది, నా పక్కనే. మా ఇంటిది బావా." సుబ్బు గొంతు తగ్గించాడు. "వ్యానులో ఎక్కించనీలే వాళ్ళు. తాళమేసి వచ్చేసినాం. నీ సంచి ఉండాది గదా."

ఏడాదిపాటు సంచులు మోసిన సుబ్బు. పిల్లులంటే మంటెత్తిపోయే సుబ్బు. చిన్నపోలయ్య తిట్టడానికి మాట వెతుక్కుని, బాన వైపు చూసి, వెతకడం మానేశాడు.

తెస్తే వంతు పోతుంది. పొద్దు పొడిచేదాకా ఆగి మరీ కట్టుకున్న వంతు, నాన్నిచ్చిన వంతు. నిన్న అది పెట్టింది కూరకు కూడా చాలలేదు నిజమే, కానీ వానలు పడతాయి, మొగ తెరుచుకుంటుంది, వంతు ఉన్నవాడికే అప్పుడు రొయ్య. సుబ్బు పిల్లికి అన్నాళ్ళు ఆగే ఓపిక ఉండదు. గంగాభవాని సంచి దులిపి చేతికిచ్చింది.

తూర్పుకుప్పంలో సుబ్బు ఇంటి గడప మీద పసుపు పిల్లి కూర్చుని ఉంది. తాళం వైపు తిరిగి కూర్చుంది. ఎముకలు బయటపడ్డాయి. అది ఒంటికన్నుది. ఒకప్పుడు నడిమికుప్పంలో చూసి తాను ఎరగననుకున్నదే. ఎన్నిసార్లు సరస్సు దాటిందో, ఎట్లా వెనక్కి వచ్చిందో దానికే తెలియాలి. చిన్నపోలయ్య సంచి మూతి తెరిచాడు. పట్టుకునే పని లేకపోయింది. అదే లేచి వచ్చి, సంచిలో దూరి, సర్దుకుని కూర్చుంది.

పట్టపగలు ఒడ్డుకు వచ్చేసరికి కామాక్షయ్య అక్కడే ఉన్నాడు. బోర్లించిన పడవ మీద కూర్చుని, ఎవరూ రాని సరస్సును చూస్తున్నాడు. తప్పించుకోవడానికి దారి లేదు. చిన్నపోలయ్య సంచి భుజాన వేసుకుని దిగాడు.

"సంచిలో ఏంది పోలయ్యా?"

"ఎండుచేపలు మామా."

సంచి మ్యావుమంది.

కామాక్షయ్య సంచి వైపు చాలాసేపు చూశాడు. "సరిగ్గా ఎండినట్టు లేవే" అన్నాడు.

"లేవు మామా." చిన్నపోలయ్య సంచి కింద పెట్టాడు. ఇంక దాచి లాభం లేదనుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మడిచి చేతిలో పట్టుకున్నాడు. "వంతు సంగతి నువ్వెట్టా చెప్తే అట్టా."

కామాక్షయ్య తువ్వాలు తీసుకోలేదు. వంతు మాట ఎత్తలేదు. సరస్సు వైపే చూస్తూ, నిన్న వలలో ఎంత పడిందని అడిగాడు. కూరకు చాలలేదని చిన్నపోలయ్య చెప్పాడు.

"తలకాయలు ఏం జేసినావు?"

"ఉండాయి."

"ఒక దోసెడు మా ఇంటికి పంపు."

చిన్నపోలయ్యకు మనసు చివుక్కుమంది. పెద్దకాపు ఇంట్లో కూడా ఆ గతి పట్టిందా అనుకున్నాడు. "తలకాయలెందుకు మామా, రొయ్యే కొంచెం మిగిలుండాది. అత్తకి పంపిస్తా."

"అత్తకి గాదు రా" అన్నాడు కామాక్షయ్య. అని గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటిదానికి."

చిన్నపోలయ్య తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. సంచి ఎత్తుకుని, అట్టాగే మామా అని ఇంటికి నడిచాడు.

ఆ సాయంత్రం అతని వాకిట్లోకి పేరమ్మ ఒక గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమె వెనక రాఘవమ్మ, రాఘవమ్మ వెనక చిన్నబాబు. ఊళ్ళో తాళాలు పడని ఇళ్ళన్నీ చీకటి పడేలోగా ఒక్కొక్కటిగా వచ్చి వెళ్ళాయి. గంగాభవాని ఉన్న తలకాయల్నే అందరికీ వచ్చేటట్టు పంచింది. వాళ్ళలో ఎవరింట్లోనూ పిల్లి లేదు.